రంగు తేలిన వెండి రూపాయి: ఎప్పుడు కొనాలి, ఎప్పుడు వదిలేయాలి

మీరు అడిగింది ఒక ప్రశ్నలా ఉన్నా అందులో రెండున్నాయి. మొదటిది, 1918 నాటి ఐదో జార్జి వెండి రూపాయి. అంచున నీలం, ఊదా, మధ్యకు వచ్చేసరికి బంగారు రంగు తేలి ఉందన్నారు. అమ్మేవాడు మామూలు ధరకు నాలుగింతలు చెబుతున్నాడు. ఆ రంగు సహజమేనా, కొనవచ్చా అని అడిగారు. రెండోది, తాతగారి ట్రంకుపెట్టెలో దొరికిన ఐదు చార్మినార్ రూపాయలు, అంటే చార్మినార్ బొమ్మ ఉన్న హైదరాబాద్ నిజాం వెండి రూపాయలు, నల్లగా, మచ్చలు మచ్చలుగా ఉన్నాయి, వాటిని వెండి కొట్టులో ఇచ్చి తోమించమంటారా అని.

రెండోదానికి ముందు జవాబు చెప్పేస్తాను, ఎందుకంటే అది ఆలస్యం కాకూడదు. తోమించకండి. చింతపండు, విభూతి, కుంకుడురసం, టూత్‌పేస్టు, పీతాంబరి, ఏదీ వద్దు. ఇది మొత్తం చదివేదాకా వాటిని వంటింటి వైపు తీసుకెళ్ళకండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ముప్ఫై ఏళ్ళ కిందట నా దగ్గర ఏడో ఎడ్వర్డు రూపాయి ఒకటి ఉండేది, 1907ది. చేతులు మారిన ఆనవాలే లేదు. ఏ గుడ్డసంచిలో ఎన్నేళ్ళు పడుందో గానీ ఒకవైపంతా తేనెరంగు, అంచున మాత్రం నెమలికంఠం రంగు. వరలక్ష్మీ వ్రతం ముందురోజు మా అమ్మ పూజ సామాను తోముతూ, పక్కన అల్మారాలో కనిపించిన దీన్ని కూడా కలిపి తోమేసింది. "నల్లగా చచ్చిపోయింది కదరా, చూడు ఎలా తెల్లబడిందో" అని మురిసిపోతూ చేతిలో పెట్టింది. నేనేమీ అనలేదు. ఆ రూపాయి ఇప్పటికీ మా పూజగదిలోనే ఉంది, లక్ష్మీదేవి ముందు. నాణేల పెట్టెలో పెట్టుకోవడానికి మాత్రం పనికిరాలేదు.

ఇక అసలు విషయం. వెండి ఆక్సిజన్‌తో తుప్పు పట్టదు. గాలిలో లేశమాత్రంగా ఉండే గంధకం వాయువులతో, ముఖ్యంగా హైడ్రోజన్ సల్ఫైడ్‌తో కలిసి పైన సిల్వర్ సల్ఫైడ్ పొర కడుతుంది. ఆ పొర వెంట్రుక మందంలో ఇంచుమించు వెయ్యోవంతు ఉన్నప్పుడు మనకు రంగులు కనిపిస్తాయి. అంటే రంగు అనేది పొరలో ఉన్న పదార్థానిది కాదు. పొర పైనుంచి తిరిగొచ్చిన వెలుగు, అడుగున వెండిని తాకి తిరిగొచ్చిన వెలుగు ఒకదానితో ఒకటి కలిసి కొన్ని రంగుల్ని పెంచి, కొన్నిటిని మింగేస్తాయి. వాన పడ్డ రోడ్డు మీద బండి ఆయిల్ కారితే ఇంద్రధనుస్సులా కనబడేది కూడా ఇదే లెక్క.

ఇక్కడ గుర్తుపెట్టుకోవలసింది వరస. పొర మందం పెరిగేకొద్దీ రంగులు ఒక క్రమంలోనే వస్తాయి. ముందు లేత పసుపు, తర్వాత బంగారు రంగు, ఆ తర్వాత ఎరుపు కలిసిన గోధుమ, దాని పైన ఊదా, ఆపైన ముదురు నీలం, తర్వాత లేత నీలం. ఇంకా మందమైతే మళ్ళీ పసుపు, మళ్ళీ గులాబీ ఊదా, ఆకుపచ్చ. చివరకు పొర మరీ మందమై నలుపు. ఈ వరసను పొర దాటెయ్యలేదు. కాబట్టి నాణెం మీద ముదురు నీలం మచ్చ పక్కనే తెల్లటి వెండి ఉండి, మధ్యలో ఊదా, బంగారు అంచు సన్నగానైనా లేకపోతే నాకు వెంటనే అనుమానం. మీరు చెప్పిన రూపాయిలో అంచున నీలం, లోపలికి ఊదా, మధ్యలో బంగారు రంగు. వరస సరిగానే ఉంది. గాలి అంచు నుంచి లోపలికి పాకే నాణేలు, అంటే దొంతరగా పేర్చినవీ అట్టల్లో బిగించినవీ, ఇలాగే రంగు తేలతాయి. అది మంచి సూచనే, కానీ అంతమాత్రాన డబ్బు తీసి ఇచ్చేయకండి.

నా లెక్కలో రంగు కంటే ముందు చూడవలసింది దాని కింద ఉన్న మెరుపు. టంకశాలలో అచ్చు పడినప్పుడు వెండి ఆ ఒత్తిడికి మధ్య నుంచి అంచువైపు సాగుతుంది. ఆ సాగిన దారులు కంటికి కనబడనంత సన్నటి గీతలుగా నాణెం పైన మిగిలిపోతాయి. అందుకే కొత్త నాణేన్ని ఒక్క బల్బు కింద పట్టుకుని మెల్లగా తిప్పితే వెలుగు బండిచక్రం ఆకుల్లా గుండ్రంగా తిరుగుతుంది. దీన్నే కార్ట్‌వీల్ మెరుపు అంటారు. సహజమైన రంగు ఈ మెరుపు మీద అద్దంలా పరుచుకుంటుంది. నాణెం తిప్పితే ఆ ఆకులు నీలంలోంచి, ఊదాలోంచి, బంగారు రంగులోంచి ఆగకుండా దాటుకుంటూ పోవాలి. రంగు ఉన్నచోట వెలుగు కదలకుండా చచ్చుగా నిలబడిపోతే, ఆ రంగు కింద ఏదో దాచారని అర్థం. తోమిన గీతలు దాచి ఉండవచ్చు, అరుగుదల దాచి ఉండవచ్చు, తీసేసిన కొక్కెం మచ్చ దాచి ఉండవచ్చు. మన ఇళ్ళలో రూపాయి బిళ్ళలకు కొక్కేలు అతికి దండలు చేయించుకునేవాళ్ళు కదా. పన్నెండు గంటల స్థానంలో అంచు దగ్గర భూతద్దంతో చూడకుండా నేను ఏ పాత రూపాయీ కొనను.

ఇంకో గుర్తు అక్షరాల చుట్టూ ఉంటుంది. అక్షరం, బొమ్మ అంచుల దగ్గర వెండి సాగిన తీరు వేరుగా ఉంటుంది కాబట్టి అక్కడ పొర కూడా కాస్త వేరుగా పడుతుంది. ఎక్కువ సహజ నాణేల్లో అక్షరాల చుట్టూ సన్నటి లేత వలయం కనబడుతుంది. మంట మీద వేడి చేసి, లేదా గంధకం కలిసిన రసాయనం పూసి గంటల్లో తెప్పించిన రంగుకు ఈ తేడాలు తెలియవు. అది బొమ్మ మీద నుంచి ఖాళీ మీదకు రంగునీళ్ళు ఒలికినట్టు దాటిపోతుంది.

పదిహేనేళ్ళ కిందట ఒక నాణేల ప్రదర్శనలో నేనూ మోసపోయాను. విక్టోరియా రూపాయి, రెండువైపులా నిండు ఊదా, నీలం. అంత దట్టంగా రంగు ఎప్పుడూ చూడలేదు, చేయి ఆగలేదు. ఇంటికొచ్చి పగటి వెలుగులో చూస్తే రాణిగారి చెవి మీద జుట్టు అరిగిపోయి ఉంది. అరిగిన నాణెం మీద ఆ సాగిన గీతలు కూడా అరిగిపోతాయి. అలాంటిదానిమీద సహజంగా వచ్చేది ఎక్కువగా బూడిదరంగు, మురికి గోధుమరంగు. నెమలిపింఛం రాదని ఖండితంగా చెప్పను గానీ, వస్తే పదిసార్లు ఆలోచించాలి. ఆ రూపాయి ఇప్పుడు నా దగ్గర పాఠం చెప్పే నాణెం. కొత్తగా సేకరణ మొదలుపెట్టినవాళ్ళకు అసలుదాన్ని, దీన్ని పక్కపక్కన పెట్టి చూపిస్తాను. ఫోటోల్లో నేర్చుకునేది తక్కువ, చేతిలో పట్టుకుని తిప్పితే ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఫోటోల మాట వచ్చింది కాబట్టి, ఆ అమ్మకందారు పంపిన ఫోటోలు చూసి నిర్ణయించకండి. కలర్ పెంచి ఫోటోలు పెట్టడం ఇప్పుడు మామూలైపోయింది. నాణేన్ని బల్బు కింద తిప్పుతూ వీడియో పంపమనండి. పంపనంటే వదిలేయండి.

ఇప్పుడు మీ 1918 రూపాయి అసలు అరుదైనదా అన్న సంగతి. కాదు. 1918లో కలకత్తా, బొంబాయి టంకశాలలు రెండూ కలిసి 40 కోట్లకు పైగా రూపాయలు కొట్టాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో జనం కాగితం నోట్లు నమ్మక వెండి కోసం ఎగబడ్డారు. 1917 నవంబరు చివర ఒక్క రూపాయి నోటు కూడా తెచ్చారు, అయినా వెండి చాలలేదు. అప్పుడు అమెరికా 1918లో పిట్‌మన్ చట్టం చేసి తన వెండి డాలర్లు 27 కోట్లకు పైగా కరిగించింది. అందులో ఎక్కువ భాగం వెండి బ్రిటన్ కొని ఇండియాకు పంపింది. అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ళు మోర్గన్ డాలర్లు అనే ఆ పాత వెండి డాలర్లు సేకరిస్తుంటారు. సంచుల్లో దశాబ్దాల తరబడి పడి ఉండి గుడ్డ నేత గుర్తులతో సహా రంగు తేలిన ఆ డాలర్లకు అక్కడ పెద్ద మోజు. వాటి తోటివే కరిగి మన తాతల మొలలో రూపాయలయ్యాయని చెబితే నమ్మరు.

కాబట్టి 1918కి తేదీ వల్ల విలువ రాదు, స్థితి వల్ల వస్తుంది. కోట్ల కొద్దీ కొట్టినా, కొట్టినరోజు ఎలా ఉందో అలాగే మిగిలినవి తక్కువ. నిజంగా తేదీ అరుదైనవి వేరే ఉన్నాయి. 1911 రూపాయి తెలిసిందే. రాజుగారి దుస్తుల మీది గొలుసులో ఏనుగు తొండం పొట్టిగా పడి పందిలా ఉందని గోల రేగితే చాలావరకు వెనక్కి తీసుకుని కరిగించారు, 1912లో ఏనుగును సరిచేసి మళ్ళీ కొట్టారు. అందుకే దాన్ని పంది రూపాయి అంటారు. 1921, 1922 రూపాయలు తక్కువ. 1939 ఆరో జార్జి రూపాయి అన్నిటికంటే కష్టం. ఆ మరుసటి ఏడు, 1940లో, రూపాయిలో వెండిని 91.7 శాతం నుంచి సగానికి దించేశారు. 1939ది కావాలనుకునేవాళ్ళు మాత్రం జాగ్రత్త. 1938లోని 8ని 9గా చెక్కిన దొంగ నాణేలు సంతలో తిరుగుతుంటాయి. తారీఖు అంకె చుట్టూ భూతద్దంతో గంట సేపు చూసినా తప్పులేదు.

స్థితి కొలిచే పద్ధతి మీకు తెలిసే ఉంటుంది. షెల్డన్ కొలమానంలో 70 దాకా అంకెలు, వాడకంలోకి వెళ్ళనివి 60 నుంచి మొదలు. ఐదో జార్జి రూపాయిలో ముందు అరిగేవి రాజు చెవి, మీసం, కిరీటం మీది ముత్యాల వరస, రొమ్ము మీది ఏనుగు. ఈ నాలుగుచోట్ల రంగు ఒక్కసారిగా మారి, బూడిదగా మొద్దుబారి కనిపిస్తే అది అరుగుదల. రంగు ఉన్నందువల్ల అరుగుదలను అంచనా వేయడం కష్టమవుతుంది, అమ్మేవాళ్ళు దాన్నే ఆసరా చేసుకుంటారు. ఖాళీ స్థలంలో సంచి దెబ్బలు ఉంటే కంగారు పడకండి. ఇన్ని కోట్ల నాణేలు సంచుల్లో ఒకదానిమీద ఒకటి పడి ప్రయాణం చేశాయి మరి. రాజుగారి చెంప మీద పెద్ద దెబ్బ ఉంటే మాత్రం ధర తగ్గించమనండి.

నాలుగింతలు న్యాయమేనా అంటారా? నాణెం నిజంగా వాడనిది అయి, మెరుపు రంగులోంచి దూసుకొస్తుంటే రెండింతలు నేను సంకోచించకుండా ఇస్తాను. నాలుగింతలు అనేది నచ్చినవాడి ధర. రంగుకు అచ్చయిన రేటు ఏ క్యాటలాగులోనూ ఉండదు. మళ్ళీ అమ్మేటప్పుడు మీలాంటి ఇంకో పిచ్చివాడు దొరకాలి, అది ఒక్కటి లెక్కలో పెట్టుకోండి. నాకైతే మధ్యస్థంగా ఉండి గాఢమైన రంగున్న నాణెం కంటే, గొప్ప స్థితిలో ఉండి అంచున కాస్త బంగారు రంగు మాత్రమే తేలిన నాణెమే ఇష్టం. అది నా రుచి.

గ్రేడింగ్ కంపెనీల సంగతి, అంటే నాణెం అసలుదేనా అని చూసి, స్థితికి అంకె వేసి, ప్లాస్టిక్ డబ్బాలో బిగించి ఇచ్చేవాళ్ళ సంగతి. పీసీజీఎస్, ఎన్‌జీసీ లాంటివి రంగు మీద అనుమానం వస్తే అంకె ఇవ్వవు. "రంగు అనుమానాస్పదం" అనో "కృత్రిమం" అనో రాసి డిటెయిల్స్ గ్రేడ్ కింద పెట్టేస్తాయి. ఎన్‌జీసీ వాళ్ళు చూడముచ్చటైన నాణేలకు అంకె పక్కన నక్షత్రం గుర్తు ఇస్తారు. అంకెకు ప్లాస్టిక్ డబ్బా కట్టి ఇచ్చినంత మాత్రాన అదే వేదం కాదు, కానీ కొత్తవాళ్ళకు కొంత భరోసా. ఒక్క విషయం మరిచిపోకండి. మన 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన నాణెం పురావస్తువు కింద లెక్క, దాన్ని మామూలు మనిషి దేశం దాటించకూడదు. 1918 రూపాయికి నూరేళ్ళు దాటిపోయాయి. అమెరికాకు గ్రేడింగ్‌కు పంపిస్తాననో, సెలవులకు వచ్చిన అన్నయ్య సూట్‌కేసులో పెట్టి పంపిస్తాననో అనుకోకండి. ఇక్కడే గ్రేడింగ్ చేసే సంస్థలున్నాయి, ఎక్కువమంది అలాగే చేయిస్తున్నారు.

దాచుకోవడం గురించి మీరు అడగలేదు గానీ చెప్పాలి. పొర పెరగడం ఆగదు కదా, మీ దగ్గర ఉన్నా పెరుగుతూనే ఉంటుంది. ఈరోజు నెమలికంఠం రంగు పదేళ్ళకు బొగ్గు కావచ్చు. రబ్బరు బ్యాండ్లలో గంధకం ఉంటుంది, వాటిని నాణేల దరిదాపుల్లోకి రానీయకండి. మామూలు అట్ట, ఉన్ని, వెల్వెట్ డబ్బాలు కూడా నమ్మదగినవి కావు. బట్టల బీరువాలో పెట్టకండి, కలరా ఉండల వాసన ఉన్నచోట అసలొద్దు. మెత్తగా జిగురుగా ఉండే పీవీసీ కవర్లలో ఏళ్ళ తరబడి ఉంటే నాణెం మీద ఆకుపచ్చ జిగట పడుతుంది. బిరుసైన మైలార్ కవర్లు గానీ, గాలి దూరని ప్లాస్టిక్ క్యాప్సూల్స్ గానీ వాడండి, డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి ఏటా మార్చండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్ళలో తేమతో పాటు ఉప్పు కూడా గాలిలో ఉంటుంది, అక్కడివాళ్ళు ఇంకాస్త శ్రద్ధ పెట్టాలి. నాణేన్ని ఎప్పుడూ అంచు మీద పట్టుకోవాలి. వేలిముద్ర మొదట కనిపించదు, కొన్ని నెలలకు గోధుమరంగులో తేలుతుంది, ఇక పోదు.

నాణెం మీద జిడ్డు, పీవీసీ జిగట ఉంటే స్వచ్ఛమైన అసిటోన్‌లో ముంచి తీయవచ్చు. గాజు గిన్నె వాడండి, కిటికీ తెరవండి, దగ్గర్లో మంట ఉండకూడదు, రుద్దకూడదు, అంతే. అది వెండిని గానీ సహజమైన రంగును గానీ ముట్టుకోదు. గోళ్ళ రంగు తీసే సీసా వద్దు, అందులో సెంటు, నూనె ఏవేవో కలుపుతారు. అసిటోన్‌లో ముంచగానే రంగు దిగిపోయిందంటే, అది పూత అని తెలిసిపోయినట్టే.

ఇక తాతగారి చార్మినార్ రూపాయలు. నాకు మీ 1918 కంటే వీటిమీదే ఎక్కువ ఆసక్తి. ఇవి సైఫాబాద్ టంకశాలలో యంత్రాల మీద కొట్టినవి. తూకం 11.18 గ్రాముల దాకా ఉంటుంది, బ్రిటిష్ రూపాయి 11.66. వెండి 81.8 శాతం, మిగతా ఎక్కువగా రాగి. రాగి పాలు ఎక్కువ కావడం వల్లనేమో, నేను చూసిన చార్మినార్ రూపాయల్లో నెమలి రంగులు తక్కువ, ముదురు గోధుమ, పొగ రంగు ఎక్కువ. అందువల్ల "మచ్చలు పడ్డాయి" అని మీకు అనిపించింది చాలావరకు వాటికి సహజమైన రంగే అయి ఉండవచ్చు. అందులో ఏదైనా బొగ్గులా నల్లబడిపోయి ఉంటే దాన్నీ అలాగే వదిలేయండి. మందంగా పట్టిన సల్ఫైడ్ పొర పైవెండిని తినే కట్టుకుంటుంది. రసాయనంలో ముంచి తీస్తే నలుపు పోతుంది, దాంతో పాటు సాగిన గీతలూ పోతాయి, అల్యూమినియం ముక్కలా మిగులుతుంది.

రాత్రి టేబుల్ ల్యాంపు కింద ఒక్కొక్కటే తిప్పి చూడండి. మినార్ల అంచులు పదునుగా ఉన్నాయా, నలుపు కిందనుంచి ఎక్కడైనా వెలుగు తిరుగుతోందా అని. తర్వాత చార్మినార్ మధ్య గుమ్మంలోకి చూడండి, అక్కడ పర్షియన్ లిపిలో ఒక అక్షరం ఉంటుంది. "మీమ్" అయితే ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంది. "ఐన్" అయితే ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్‌ది. ఉస్మాన్ అలీఖాన్ పాలన మొదటి రోజుల్లో, అంటే హిజ్రీ 1329, 1330లో, గుమ్మంలో ఐన్ అక్షరం సగమే కనబడుతుంది, తర్వాత పూర్తి అక్షరం వచ్చింది. సగం ఐన్ ఉన్నది దొరికితే అదృష్టమే. కింద పర్షియన్ అంకెల్లో హిజ్రీ సంవత్సరం ఉంటుంది.

ఫ్లాష్ వేయకుండా, ల్యాంపు ఒక పక్కనుంచి పడేలా ఆ గుమ్మం, ఆ అంకెలు దగ్గరగా ఫోటో తీసి పెట్టండి. ఐదింటికీ విడివిడిగా, రెండువైపులా. ట్రంకుపెట్టెలో వాటిని చుట్టిన గుడ్డగానీ కాగితంగానీ ఇంకా ఉంటే పారేయకండి, దాన్నీ ఫోటో తీయండి. రంగు ఎక్కణ్ణుంచి వచ్చిందో చాలాసార్లు ఆ గుడ్డే చెబుతుంది.